పాత ధర

పింఛను ఆఫీసు నుంచి కవరు వస్తే కాటా మామ దాన్ని వెంటనే చింపడు. ముందు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తాడు. తర్వాత వంటింట్లో ఉన్న చిన్న త్రాసు మీద పెడతాడు. ఒక కాగితం బరువుంటే మామూలు సంగతి, రెండు కాగితాల బరువుంటే ఎక్కడో కోత పడిందని అర్థం. ముప్పై ఒక్క ఏళ్లు సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు తూచిన మనిషి మరి. ఖాళీ బండి అని చెప్పి సీటు కింద బండరాళ్లు దాచుకొచ్చిన డ్రైవర్లని, తూకం వేసేటప్పుడు దిగినట్టే దిగి వెనక చక్రం మీద కాలు మోపే క్లీనర్లని వందల మందిని పట్టుకున్నాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాడు గానీ ఆ అనుమానం మాత్రం అతని మీద నుంచి దిగలేదు. బజారులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెద్దా చిన్నా అందరికీ కాటా మామే.

ఆ రోజు కవరు ఒక కాగితమే తూగింది. అయినా లోపల ఉన్న సంగతి మాత్రం మింగుడు పడలేదు. ధరల సూచీ ప్రకారం ఈ అర్ధ సంవత్సరానికి మీ పింఛనులో పెంపు ఒకటిన్నర శాతం అని ఉంది.

"ఒకటిన్నరంట!" అన్నాడు, కాగితాన్ని భార్య కళ్ల ముందు ఆడిస్తూ. "నూనె చూస్తే ఆకాశంలో ఉంది. బస్సు టికెట్టు చూస్తే దాని నెత్తి మీద ఉంది. వీళ్లకి మాత్రం ఒకటిన్నరే కనపడింది."

కిటికీ పక్కన మిషను తొక్కుతున్న భార్య కాలు ఆపలేదు. "ఇంటి ఓనరు కాగితం కూడా అక్కడే ఉంది, చూశారా?" అంది.

చూశాడు. అందుకే ఒకటిన్నర అంత గట్టిగా గుచ్చుకుంది. అద్దె ఒప్పందం ఇంకో ఏడు నెలల్లో అయిపోతుంది. కొత్త అద్దె పది శాతం ఎక్కువ. ఇష్టం లేకపోతే ముందు గది ఖాళీ చేసి వెనక రెండు గదుల్లోకి మారవచ్చని, ముందు గదిని సెల్‌ఫోన్ల షాపు వాళ్లు అడుగుతున్నారని ఓనరు ఎంతో మర్యాదగా రాశాడు. ముందు గదికి రోడ్డు మీదికి కిటికీ ఉంది. ఆ కిటికీలోంచే జనం పొడుగు ప్యాంట్లు, చిరిగిన సంచులు, జిప్పు ఊడిన కోట్లు లోపలికి అందిస్తారు, బాగుచేసినవి తీసుకుంటారు. వెనక గదుల కిటికీ తెరిస్తే గోడ. గోడ ఎవరికీ ప్యాంటు అందించదు. కిటికీ పోతే ఆమె మిషను పోయినట్టే.

ఒప్పందం ముగిసేలోగా పింఛను ఇంకొక్కసారి పెరుగుతుంది. ఆ పెంపు నాలుగు శాతం దాకా వస్తే అద్దెకి సరిపోతుంది, కిటికీ ఉంటుంది. మళ్లీ ఒకటిన్నరే వస్తే కిటికీ ఉండదు. కాటా మామ ఆ లెక్క మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ అదే వచ్చినందుకు లెక్క మీద కూడా అనుమానపడ్డాడు.

మర్నాడు పింఛను ఆఫీసుకి పోయి, కిటికీ అవతలి గుమస్తాని నిలదీశాడు.

"ఈ సూచీ అనేది ఎవరు రాస్తారు బాబూ? కూర్చుని కలలు కంటారా?"

"కలలెందుకండీ, బజార్లో అడిగి రాస్తారు. మన ఊళ్లో మూడు బజార్ల నుంచి ధరలు తీసుకుంటారు. మీ బజారు పెద్దది కాబట్టి సగం లెక్క దాందే. నెల నెలా మనిషొస్తుంది, చూడలేదా?"

మా బజారా? నెల నెలా మనిషొస్తుందా? నాకు తెలియకుండా? అనుకున్నాడు కాటా మామ.

తెలియకపోవడం అతనికి పెద్ద అవమానం. ఎందుకంటే పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆ బజారులో బావమరిది కిరాణా కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చునేది అతనే. బావమరిదికి అతని మాట వేదం. నాలుగేళ్ల క్రితం చేతిలో కాగితం పట్టుకుని ఒకాయన వచ్చి నూనె ఎంత, పంచదార ఎంత అని అడిగితే బావమరిది అమాయకంగా ఉన్నదున్నట్టు చెప్పాడు. వారం తిరగకుండా జరిమానా నోటీసు వచ్చింది. వచ్చినాయన పన్నుల ఆఫీసు మనిషి. ఆ రోజు కాటా మామ స్టూలు మీద కూర్చుని ఒక మాట అన్నాడు: "కొనేవాడు రాయడు, రాసేవాడు కొనడు." అప్పటినుంచి బజారులో అది సామెత అయిపోయింది. అతనికీ ఆ మాట మీద కొంచెం గర్వం ఉంది.

ఆలోచిస్తే తట్టింది. భుజానికి పొడుగు పట్టీ సంచీతో ఒక అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి. నెలలో మొదటి మంగళవారం బజారు చివర మలుపు తిరుగుతూ కనపడుతుంది. ఏమీ కొనదు. మంగళవారం పొద్దున కాటా మామ రక్తపోటు చూపించుకోడానికి ఆరోగ్య కేంద్రానికి వెళతాడు. మొదటిసారి చూసినది నమ్మడు కాబట్టి మూడుసార్లు చూపించుకుంటాడు. అతను తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి పని ముగించుకుని పోతూ ఉంటుంది. సరిగ్గా నేను లేని పూటే ఎందుకొస్తోంది, అన్నది అతని మొదటి ప్రశ్న. పాపం ఆ అమ్మాయికి అతనొకడు ఉన్నాడన్న సంగతే తెలియదు, అయినా అనుమానం అలాంటి చిన్న విషయాలు పట్టించుకోదు.

ఆ తర్వాత నాలుగు నెలలు కాటా మామ మొదటి మంగళవారాల మీదే బతికాడు. రెండుసార్లు జ్వరం అడ్డుపడింది, రెండుసార్లు ఆమె దారి మార్చి వచ్చి వెళ్లిపోయింది. ఐదో నెల రక్తపోటుని దాని మానాన వదిలేసి, తొమ్మిదింటికే టీ బడ్డీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరుకి కళ్ల దగ్గర కన్నం కూడా పెడదామనుకున్నాడు గానీ, టీ బడ్డీ వాడు తన పేపరు తనకి ముద్దన్నాడు.

సంచీ అమ్మాయి తొమ్మిదిన్నరకి వచ్చింది. ముందు సెలూన్లోకి వెళ్లి రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. ఆమె అటు అడుగు వేయగానే కాటా మామ ఇటు లోపలికి దూరాడు.

"ఆ అమ్మాయి ఏమడిగిందయ్యా?"

"కటింగ్ ఎంతని," అన్నాడు సెలూన్ అతను, కత్తెర దులుపుతూ.

"ఎంతన్నావు?"

"ఎనభై."

"ఎనభయ్యా? మొన్న నా దగ్గర నూట ఇరవై గుంజావు కదా!"

"నీ తలకి నూట ఇరవయ్యే మామా. కాగితానికి ఎనభై." సెలూన్ అతను నవ్వాడు. "కాగితం పట్టుకొచ్చినవాళ్లకి పాత ధరే చెప్పాలి కదా. మీ బావమరిది చెప్పాడు. బజారంతా అదే మాట మీదుంది. అయినా నూట ఇరవై పెట్టి మాత్రం ఏం సుఖం? జీతాలు పెరగట్లేదని ఫ్యాక్టరీ వాళ్లందరూ రెండు నెలలకోసారి వస్తున్నారు. చూడు, కుర్చీ ఎలా ఖాళీగా ఉందో."

కాటా మామ చెవుల్లో రక్తం కొట్టుకుంది. మూడుసార్లు చూపించుకున్నా అంత పోటు ఎప్పుడూ రాలేదు. ఎనభై! ఆ ఫ్యాక్టరీ వాళ్ల జీతమూ ఈ సూచీ మీదే పెరుగుతుంది, తన పింఛనూ దాని మీదే పెరుగుతుంది. ఆ సూచీని పట్టుకుని పాత ధర దగ్గర మేకు కొట్టి పెట్టింది ఎవరయ్యా అంటే, తన సొంత బావమరిది! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి ఏమో గానీ తను మాత్రం పట్టుకుంటాడు. ఆ అమ్మాయికీ వీడికీ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉంది. వీడికి పన్ను తగ్గుతుంది, ఆమెకి ఏదో ముడుతుంది, మధ్యలో నా కిటికీ పోతుంది.

చెప్పులు బాగుచేసే ఆవిడ దగ్గర కూడా అదే కథ. కొత్త అట్ట వేయడానికి ఆమె తీసుకునేది ఒకటి, కాగితానికి చెప్పింది ఒకటి. "నాకెందుకొచ్చిన గొడవ మామా, కొట్టాయన చెప్పమన్నట్టే చెప్పాను," అని చేతులు దులుపుకుంది.

సంచీ అమ్మాయి కిరాణా కొట్టు ఎక్కింది. కాటా మామ బయట పేర్చిన బస్తాల వెనక నడుం వంచి నక్కాడు. సిమెంటు బస్తాల వెనకైతే అలవాటే గానీ, బియ్యం బస్తాల వెనక నక్కడం అదే మొదలు.

"నూనె అదేనా అన్నా?"

"అదేనమ్మా."

"పంచదార?"

"పంచదారా అదే. ఏదీ మారలేదమ్మా, పాత ధరే."

పాత ధర అట! నిన్న పక్కింటావిడ దగ్గర వాడు వసూలు చేసిన ధర కాటా మామ తన చెవులతో విన్నాడు. కోపంతో లేవబోయాడు. అంతలో ఆ అమ్మాయి సంచీలోంచి తీసిన వస్తువు చూసి మళ్లీ కూర్చుండిపోయాడు. అరచేయంత చిన్న త్రాసు. ఒక సబ్బు తీసుకుని దాని మీద పెట్టి, అంకె చూసి రాసుకుంది.

ఆ సబ్బు సంగతి బజారులో తనొక్కడికే తెలుసనుకున్నాడు కాటా మామ. ధర అదే, కవరు అదే, లోపల పావు వంతు మాయం. కంపెనీ వాడు రెండేళ్ల క్రితం చేసిన ఆ మాయని తను ఇంటి త్రాసు మీద పట్టుకుని అందరికీ చెబితే, అందరూ నవ్వారు. ఈ అమ్మాయి మాత్రం నెల నెలా తూస్తోంది. దొంగ అయితే తూచడం దేనికి? అన్న ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే పక్కకి నెట్టేశాడు. దొంగల్లో కూడా పనిమంతులుంటారు అనుకున్నాడు.

ఇప్పుడే పట్టుకుంటే బావమరిది ఒక్కడే దొరుకుతాడు. కాగితం ఎవరి చేతికి పోతుందో చూడాలి. అందుకని ఆమె వెనకే, ఇరవై అడుగుల దూరంలో నడిచాడు. ఆమె మందుల షాపులో ఆగింది, గుడ్ల కొట్టు దగ్గర ఆగింది, ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అతను కరెంటు స్తంభం మీద అంటించిన ప్రకటనని శ్రద్ధగా చదివాడు. అది ఆడవాళ్ల హాస్టలు ప్రకటన. ఆమె అడుగుల వేగం పెంచి పక్క సందులోకి తిరిగింది.

అది అతని సందే. ఆమె నేరుగా వెళ్లి ఆగింది అతని ఇంటి కిటికీ దగ్గరే.

"పిన్నిగారూ, ప్యాంటు పొట్టి చేయడానికి ఎంత?"

మిషను ఆగింది. "అరవై," అంది భార్య గొంతు.

"మారలేదా?"

"లేదమ్మా. పాత ధరే."

కాటా మామ మెట్ల పక్కన నక్కి అంతా విన్నాడు. ప్యాంటు పొట్టి చేస్తే తన భార్య తీసుకునేది తొంభై. రెండేళ్లుగా తొంభయ్యే. ఆ తొంభైలోంచే నిన్న తన మాత్రలు వచ్చాయి.

"ఏమే!" అని ఒక్క అరుపు అరిచి బయటికొచ్చాడు. సంచీ అమ్మాయి ఉలిక్కిపడి గోడకి అతుక్కుపోయింది. కిటికీలోంచి భార్య మొహం కనపడింది, పెదాల మధ్య గుండుసూదులతో.

"నువ్వు కూడానా? నువ్వు కూడా వాళ్లతో కలిశావా? మన కిటికీకి నువ్వే గొయ్యి తవ్వుకుంటున్నావా?"

భార్య తాపీగా సూదులు తీసి దిండుకి గుచ్చింది. "ఏ గొయ్యి? మీరు చెప్పినట్టే చెప్పాను."

"నేనెప్పుడు చెప్పానే?"

జవాబు వెనకనుంచి వచ్చింది. బస్తాల వెనక బావ కాళ్లు చూసి, ఏదో గొడవ అవుతోందని షట్టరు సగం దించి పరిగెత్తుకొచ్చిన బావమరిది ఆయాసపడుతూ నిలబడ్డాడు. "నువ్వే చెప్పావు బావా. నాకు జరిమానా నోటీసు వచ్చిన రోజు. కొనేవాడు రాయడు, రాసేవాడు కొనడు, కాబట్టి ఇకనుంచి కాగితంతో ఎవడొచ్చినా ఈ రోజు ధరే చెప్పు, పదేళ్ల తర్వాత వచ్చినా అదే చెప్పు అన్నావు. ఇంటికొచ్చి అక్కకి కూడా చెప్పావు. నేను బజారు వాళ్లందరికీ చెప్పాను. నీ మాట మీద నాలుగేళ్లు ఒక్కడు కూడా తప్పలేదు, తెలుసా?" ఆ ఆఖరి మాట కొంచెం గొప్పగానే అన్నాడు, పిచ్చివాడు.

కాటా మామకి గుర్తుంది. సామెత ముందు సగమే ఇన్నాళ్లూ గుర్తు పెట్టుకున్నాడు, ఎందుకంటే జనం మెచ్చుకున్నది దాన్నే. పాత ధరే చెప్పమన్న వెనక సగం ఇంత కాలమూ బజారులో పనిచేస్తూనే ఉంది. ఇంటి దొంగని పట్టుకున్నాడు. ఆ దొంగ తనే. సిగ్గుతో మెట్ల మీద కూలబడ్డాడు.

ముందు తేరుకున్నది సంచీ అమ్మాయి. "బాబాయ్ గారూ, పొద్దున్నుంచీ నా వెనక తిరుగుతున్నది మీరే కదా," అంది. "నిజం చెప్పండి. మిమ్మల్ని మా ఆఫీసు వాళ్లు పంపించారా? నేను ఎక్కువ రాస్తున్నానేమో చూడమన్నారా?"

"ఎక్కువా?" కాటా మామ తలెత్తాడు. "నువ్వు తక్కువ రాస్తున్నావనే కదా నేను వెంటపడింది! ఇవి తప్పుడు ధరలని నీకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదా అమ్మాయ్?"

"ఎందుకు రాదు? నేనూ ఇల్లు నడుపుతున్నాను కదా. మా వీధిలో నూనె కొని ఇక్కడికొచ్చి అడిగితే నాలుగేళ్ల నాటి ధర చెబుతారు. కానీ కొట్టు వాళ్లు చెప్పిందే రాయాలి, అది రూలు." ఆమె సంచీ పట్టీ సర్దుకుంది. "నా జీతం కూడా ఈ సూచీ మీదే పెరుగుతుంది బాబాయ్. తక్కువ రాస్తే నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఎక్కువ రాస్తే, నీ జీతం నువ్వే పెంచుకుంటున్నావా అంటారు. ఒకసారి అన్నారు కూడా."

ఆ ఒక్క మాట కాటా మామకి బాగా తెలిసిన భాషలో ఉంది. సరిగ్గా తూచినందుకు, నువ్వెంత తిన్నావని అతన్ని కూడా రెండుసార్లు అడిగారు.

"సరే, ఇప్పుడు అందరం నిజం చెబుతాం, రాసుకో," అన్నాడు.

"అలా కుదరదు. నాలుగేళ్లు కదలని ధర ఒక్క నెలలో సగానికి సగం పెరిగిందని రాస్తే పైవాళ్లు కొట్టేస్తారు. కారణం అని ఒక గడి ఉంది. అందులో కారణం రాసి, చెప్పినవాళ్లు సంతకం పెట్టాలి. సాయంత్రం ఐదింటికి కాగితాలు ఇచ్చేయాలి. ఈ అర్ధ సంవత్సరానికి ఇదే ఆఖరు."

సంతకం అనేసరికి అందరూ కాటా మామ వైపు చూశారు, చూసి మొహం తిప్పుకున్నారు. ఎందుకంటే అతను సంతకం పెట్టడు. ఇంటి అద్దె ఒప్పందం మీద సంతకం భార్యదే. కరెంటు మీటరుకి భార్యదే. జీవితంలో తప్పనిసరై పెట్టినవి జీతం పుస్తకంలో ఒకటి, పెళ్లి పుస్తకంలో ఒకటి. రెండోదాంట్లో ఏం రాసి ఉందో పూర్తిగా చదవనివ్వలేదని ఇప్పటికీ అంటుంటాడు.

"నన్ను అడక్కు బావా," అన్నాడు బావమరిది ముందే. "తప్పు చెప్పానని నేనే సంతకం పెడితే నా లైసెన్సు గతేం కాను?"

"నేను పెడతాను లెండి," అంది భార్య. "ఇన్ని పెట్టాను, ఇదొకటి."

"ఇది పెడితే ఏం చేస్తారు?" అని కాటా మామ సంచీ అమ్మాయిని అడిగాడు.

"నాకు తెలీదు బాబాయ్. ఇంతవరకు ఎవరూ పెట్టలేదు."

తెలీదు అని ఒప్పుకునే మనుషులు అతనికి ఎక్కువమంది తగల్లేదు. కాగితం తీసుకున్నాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, కింద ఇంకో కాగితం అంటుకుని ఉందేమో గోటితో గీకి చూశాడు. ఆమె పెన్ను వద్దని భార్య పద్దు పెన్ను తెప్పించుకున్నాడు. కారణం గడిలో తన చేత్తోనే రాశాడు: ఈ బజారులో నాలుగేళ్లుగా తక్కువ ధరలు చెప్పించింది నేను. వాళ్లది తప్పు లేదు. ఈ అమ్మాయిదీ లేదు. కింద సంతకం పెట్టాడు. అలవాటు తప్పిన సంతకం కదా, ఆఖరి అక్షరం గడి దాటి పోయింది.

ఆ మధ్యాహ్నం సంచీ అమ్మాయి బజారంతా మళ్లీ మొదటినుంచి తిరిగింది. ఆమె ముందు కాటా మామ నడిచాడు. ప్రతి కొట్టు దగ్గరా, "నిజం చెప్పు, సంతకం నాది," అన్నాడు. సగం మంది చెప్పారు. మిగతా సగం, నీ పింఛను కోసం మమ్మల్ని ఇరికిస్తావా మామా అని అనుమానంగా చూశారు. ఆ చూపు తన మొహం మీద పడితే ఎలా ఉంటుందో కాటా మామకి అప్పుడు తెలిసింది. గంట బతిమాలితే వాళ్లూ చెప్పారు.

రెండు నెలలకి పింఛను కవరు వచ్చింది. త్రాసు మీద పెడితే రెండు కాగితాలు తూగింది. కోతేనని గొణుగుతూ చింపాడు. మొదటి కాగితంలో, ముందు తగ్గినదాంతో కలిపి పెంపు నాలుగున్నర శాతం అని ఉంది. భార్య అది రెండుసార్లు చదివి, కిటికీ చెక్క మీద చెయ్యి వేసి నిమిరింది. సాయంత్రం ఓనరు దగ్గరికి వెళ్లి కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చింది. కిటికీ నిలబడింది.

రెండో కాగితం అతని సంతకానికి జవాబు. తమరి వాంగ్మూలం అందినది, సదరు బజారును నమ్మదగని బజారుగా గుర్తించి జాబితా నుంచి తొలగించడమైనది, మిగిలిన రెండు బజార్ల ఆధారంగా సూచీని సవరించడమైనది అని ఉంది. కాటా మామ అది చదివి పెద్దగా పట్టించుకోలేదు. మన పని అయింది కదా అనుకున్నాడు.

తర్వాతి మొదటి మంగళవారం బజారంతా నిజం చెప్పడానికి సిద్ధంగా ఉంది. బావమరిది ధరలన్నీ పలక మీద రాసి కొట్టు ముందు వేలాడదీశాడు. సెలూన్ అతను నూట ఇరవై అని అద్దం మీదే రాసేశాడు. అడిగేవాళ్లు మాత్రం ఎవరూ రాలేదు. ఆ పై నెలా రాలేదు. "నా సంతకం చూపించి ప్రమోషన్ కొట్టేసి ఉంటుంది," అన్నాడు కాటా మామ స్టూలు మీద నుంచి. ఎంత కాలిపోయినా ఆ గుణం అంత తొందరగా చావదు.

మూడో నెలలో ఒక శుక్రవారం ఆమె వచ్చింది. భుజాన సంచీ లేదు. చంకలో రెండు నీలం ప్యాంట్లు ఉన్నాయి, కొత్తవి, మడత కూడా విప్పనివి.

"పిన్నిగారూ, ఇవి పొట్టి చేయాలి. రేపటికి కావాలి," అంది కిటికీ దగ్గర. లోపల కుర్చీలో ఉన్న కాటా మామని చూసి నవ్వింది. "యూనిఫారం బాబాయ్. బస్ డిపోలో టికెట్ల కిటికీ దగ్గర సాయంత్రం డ్యూటీ దొరికింది."

"మరి ఆ పని?"

"అదీ ఉంది. బజారుకి ఇంత అని ఇస్తారు మాకు. మూడింట్లో ఒకటి పోయింది కదా, అదీ పెద్దది." ఎవరినీ తప్పుపట్టే గొంతు కాదు అది. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "సూచీ పెరిగింది కాబట్టి మిగతా రెండింటికీ జీతం కొంచెం పెంచారు. పెరిగింది నాలుగున్నర. పోయింది సగం."

మిషను ఆగిపోయింది. కాటా మామ కుర్చీలోంచి లేచాడు గానీ, లేచి ఏం చేయాలో తెలియలేదు. పోయిన సగానికి నాలుగున్నర తూగదు. దానికి ఏ కాటా అక్కర్లేదు.

"ఇలా అవుతుందని నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నాకూ తెలీదు బాబాయ్. తెలిస్తే ఆ కాగితం మీకిచ్చేదాన్నో లేదో కూడా తెలీదు." ప్యాంట్లు కిటికీలోంచి అందించి, చేతి సంచీలోంచి పర్సు తీసింది. "ఎంత పిన్నిగారూ?"

భార్య భర్త వైపు చూసింది. ఆమె నోరు తెరిచేలోపు కాటా మామే కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఒక్కోదానికి అరవై," అన్నాడు.

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. నాలుగేళ్లు ఆ అంకె రాసిన మనిషి కదా. "నిజం ధర చెప్పండి బాబాయ్. ఇప్పుడు నా చేతిలో కాగితం లేదుగా."

"నిజం ధరే. నీకు అరవయ్యే. ఈ ఏడాదీ అరవయ్యే, వచ్చే ఏడాదీ అరవయ్యే."

ఆమె నమ్మలేదు. నమ్మనట్టే భార్య మొహంలోకి చూసింది. భార్య అప్పటికే ప్యాంటు అంచు మడిచి సూది గుచ్చుతోంది. కాటా మామ వెనక్కి తిరిగి, మిషను పక్కనున్న పద్దు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో సహా కిటికీలోంచి ఆమెకి అందించాడు.

"అనుమానంగా ఉంటే రాసుకో అమ్మా," అన్నాడు. "సంతకం పెడతాను."